ఆరు వారాల మట్టి

2005 జూన్ 6, సోమవారం. పొద్దున్న ఎనిమిదింటికి సాయిల్ మెకానిక్స్ మొదటి క్లాసు. తొమ్మిదిన్నరకి బయటికొచ్చేసరికి రెండు చాప్టర్లు అయిపోయాయి. "రేపు మూడోది" అన్నాడు ప్రొఫెసరు తలుపు దగ్గర నిలబడి, కండక్టరు తర్వాతి స్టాపు పేరు అరిచినంత మామూలుగా.

ఆ క్లాసులో నాకేం పని అంటే, నేను మెకానికల్‌లో బీటెక్ చేసి, అమెరికాలో ఎమ్మెస్‌కి సివిల్లోకి దూకినవాణ్ణి. సివిల్ వాళ్ళు ఫీజు తగ్గిస్తామన్నారు, దూకాను. అంతకుమించి గొప్ప కారణమేమీ లేదు. తీరా అక్కడికెళ్ళాక, సివిల్ పిల్లలు బీటెక్‌లోనే చదివేసే రెండు సబ్జెక్టులు నేను చదవలేదు కాబట్టి, ముందు అవి పూర్తి చెయ్యమన్నారు. అవయ్యాకే ఫౌండేషన్ ఇంజనీరింగ్‌లో కూర్చోనిస్తారట. ఒకటి సాయిల్ మెకానిక్స్, రెండోది స్ట్రక్చరల్ అనాలిసిస్. మామూలు సెమిస్టర్లో పదిహేను వారాలు చెప్పే ఆ రెండూ ఆ వేసవిలో ఆరేసి వారాల్లో చెబుతున్నారు.

"ఒకటి తీసుకో. రెండోది తర్వాత చూద్దాం" అన్నాడు అడ్వైజరు. వింటామా? మన దగ్గర ఇంజనీరింగ్ చదివినవాడికి ఒక మొండి నమ్మకం ఉంటుంది. పరీక్షకి ముందు రెండు రాత్రులు చేతిలో ఉంటే ఏ సబ్జెక్టయినా గట్టెక్కుతుందని. మా కాలేజీలో పేపర్లో ఎనిమిది ప్రశ్నలిచ్చి ఐదు రాయమనేవారు. అంచేత ఎనిమిది యూనిట్లలో ఐదే చదివేవాళ్ళం. లెక్కల పేపరు ఎం-త్రీ సప్లీకి నేను కూర్చున్నది మే నెల ఎండల్లో పదిరోజులు. కరెంటు పోతే మేడ మీదకి చాప మోసుకెళ్ళి, జిరాక్సు నోట్సు మీద టార్చిలైటు వేసుకుని పాసయ్యాను. పదిరోజుల్లో ఎం-త్రీని దాటినవాడికి ఆరు వారాలు ఒక లెక్కా?

లెక్క నిజంగానే వేశాను. అమెరికాలో ఒక క్రెడిట్ అంటే పదిహేను వారాల పాటు వారానికి ఒక గంట క్లాసు, దానికి తోడు బయట రెండు గంటల చదువు. మూడు క్రెడిట్ల సబ్జెక్టుకి వారానికి తొమ్మిది గంటలు. దాన్ని ఆరు వారాల్లోకి కుదిస్తే వారానికి ఇరవై రెండున్నర. రెండు సబ్జెక్టులకి నలభై ఐదు. ఆ పైన, సెలవుల్లో మావంటి స్టూడెంట్ వీసా వాళ్ళు క్యాంపస్‌లో వారానికి ఇరవై గంటలు కాక నలభై గంటలు పని చేసుకోవచ్చు. డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగే పని నాకు ఎలాగూ ఉంది. నలభై ఐదూ నలభై, ఎనభై ఐదు. నిద్రకి యాభై ఆరు. వారంలో ఉన్న నూట అరవై ఎనిమిది గంటల్లోంచి తీసేస్తే ఇంకా ఇరవై ఏడు మిగులుతున్నాయి! వంటకీ స్నానానికీ పోగా మిగిలిన టైములో టెన్నిస్ నేర్చుకుందామని కూడా అనుకున్నాను. ఆ కాగితం దాచుకోలేదు గాని, దాచుకోవలసింది.

రెండో వారం బుధవారానికి స్ట్రక్చరల్ అనాలిసిస్‌లో మొమెంట్ డిస్ట్రిబ్యూషన్ మొదలైంది. దూలాలన్నీ కలిసే కీళ్ళని ముందు బిగించినట్టు అనుకోవాలి. తర్వాత ఒక్కొక్కటీ వదులుతూ, మిగిలిన మొమెంటుని, అంటే దూలాన్ని వంచే ప్రభావాన్ని, పక్కలకి పంచుతూ పోవాలి. పంచినకొద్దీ తేడా తగ్గుతుంది, ఎక్కడో ఒకచోట చాలనుకుని ఆపుతాం. హార్డీ క్రాస్ 1930లో ఈ పద్ధతిని పది పేజీల్లో రాసి పారేశాడు. కంప్యూటర్లు రాని రోజుల్లో పెద్ద పెద్ద భవనాలు దాని ఆసరాతోనే లేచాయి. నా చేతిలో మాత్రం మొమెంట్లు పంచినకొద్దీ పెరిగాయి. గుర్తు తప్పు వేసిన చోటు పట్టుకోవడానికి ఒక రాత్రి పట్టింది. ఆ రాత్రిలోగా సాయిల్స్ హోంవర్కు చెయ్యాలి, ఆరింటికి డైనింగ్ హాల్లో ఉండాలి. మామూలు సెమిస్టర్లో ఒకరోజు ఒంట్లో బాగోకపోతే ఒకరోజే పోతుంది. వేసవిలో ఒకరోజు పోతే రెండున్నర రోజులు పోయినట్టు. జూన్ 17 శుక్రవారం రెండు మిడ్-టర్ములూ ఒకేరోజు వచ్చాయి. సోమవారం వెళ్ళి స్ట్రక్చరల్ అనాలిసిస్‌ని వదిలేశాను. డబ్బు వెనక్కిచ్చే గడువు మొదటి వారంలోనే దాటిపోయిందని కౌంటరు దగ్గరి అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. గడువులు కూడా ఆరు వారాలకి సరిపడా కుదించారన్న సంగతి నాకు తట్టలేదు.

ఇక మిగిలింది మట్టి.

క్లాసులో పదకొండు మందిమి. స్ప్రింగులో తప్పినవాళ్ళు నలుగురు, డిసెంబరుకల్లా పట్టా పుచ్చుకుని ఉద్యోగంలో చేరాలని తొందరపడేవాళ్ళు ముగ్గురు, పగలు సర్వే పని చేసుకుంటూ చదివే నడివయసు మనిషి ఒకడు, ఇంకా నాబోటివాళ్ళు. నిజం చెప్పాలంటే వేసవి క్లాసుకి ఒక సుఖముంది. అరవై మంది ఉండే క్లాసులో ప్రొఫెసరుకి మన మొహం తెలియదు. ఇక్కడ మూడోరోజుకే నా పేరు పట్టుకున్నాడు, పలకడం ఆఖరిదాకా రాలేదనుకోండి. నిన్న చెప్పింది ఇవాళ్టికి మరిచిపోయే వ్యవధి లేదు కాబట్టి సూత్రాలు పెదాల మీదే ఉండేవి. ఒకే సబ్జెక్టుతో లేచి, దానితోనే పడుకోవడంలో ఒక మత్తు కూడా ఉంది. స్ట్రక్చరల్ అనాలిసిస్ పోయాక నాలుగు వారాలు హాయిగానే గడిచాయని ఒప్పుకోవాలి.

నాలుగో వారంలో కన్సాలిడేషన్ వచ్చింది. తడి బంకమట్టి మీద బరువు పెడితే ఏమవుతుందన్నది ప్రశ్న. మొదటి క్షణంలో ఆ బరువు మట్టి రేణువుల మీద పడదు, వాటి సందుల్లో ఉన్న నీళ్ళ మీద పడుతుంది. ఆ నీళ్ళకి బయటికి దారి కావాలి. బంకమట్టిలో దారులు సన్నం. నీరు మెల్లగా జారుతూ ఉంటే బరువు కొద్దికొద్దిగా రేణువుల మీదకి దిగుతుంది, మట్టి కుంగుతుంది, బిగుస్తుంది. కార్ల్ టెర్జాగి ఈ సంగతి తేల్చింది ఇస్తాంబుల్‌లో పాఠాలు చెప్పుకుంటూ, సిగార్ పెట్టెల్లాంటి వాటితో తనే పరికరాలు కట్టుకుని. దానికి ఏళ్ళు పట్టాయి. 1925లో పుస్తకం వేశాడు. మాకు దాన్ని గంటన్నరలో చెప్పారు.

చెప్పడం గంటన్నరలో అయింది. ల్యాబు పరీక్ష అలా అవదు. అంగుళం మందం మట్టి బిళ్ళని ఇత్తడి ఉంగరంలో పెట్టి, కిందా పైనా నీరు పీల్చే రాళ్ళు పెట్టి, చదరపు అడుగుకి పావు టన్ను బరువు పెట్టాలి. ఒకటి, నాలుగు, తొమ్మిది, పదహారు నిమిషాల దగ్గర కుంగుదల చూపే డయల్ చూసి రాసుకోవాలి. ఆ తర్వాత ఇరవై నాలుగు గంటలు దాన్ని అలా వదిలెయ్యాలి. మర్నాడు బరువు రెట్టింపు. మళ్ళీ ఇరవై నాలుగు గంటలు. సమ్మర్ టర్మ్ కదా, పన్నెండు గంటలకి మారుద్దామా అని మాలో ఒకడు అడిగాడు. ప్రొఫెసరు నవ్వి, "మట్టి దగ్గర అకడమిక్ క్యాలెండర్ లేదు" అన్నాడు.

మేం గురువారం, జూన్ 30న మొదలెట్టాం. శుక్రవారం అర టన్ను, శనివారం ఒకటి, ఆదివారం రెండు. సోమవారం జూలై 4, దేశానికంతా సెలవు. మా గ్రూపులో మిగతా ముగ్గురికీ కార్లున్నాయి కాబట్టి ఊళ్ళకెళ్ళిపోయారు. నాకు లేదు కాబట్టి నేను ల్యాబుకెళ్ళాను. ఖాళీ బిల్డింగు. నాలుగు టన్నుల బరువుకి తగ్గట్టు ఇనప బిళ్ళలు తగిలించి, స్టాప్‌వాచీ పట్టుకుని, ముల్లు కదలడం చూస్తూ కూర్చున్నాను. మొదట గబగబా తిరిగింది, పోనుపోను ఆగిందేమో అనిపించేంత నెమ్మదించింది. రాత్రి మళ్ళీ వెళ్ళి చూస్తే ఇంకా కొద్దిగా కదులుతూనే ఉంది. బయట బాణసంచా కాలుస్తున్నారు.

హోంవర్కులో ఒక లెక్క ఇచ్చారు. ల్యాబులో అంగుళం బిళ్ళ సగం కుంగడానికి పది నిమిషాలు పడితే, నేలలో పది అడుగుల మందమున్న అదే మట్టిపొర సగం కుంగడానికి ఎంతకాలం? నీరు నడవాల్సిన దూరం 120 రెట్లు. కాలం దూరానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 14,400 రెట్లు. అంటే 1,44,000 నిమిషాలు, సరిగ్గా 100 రోజులు. కింద రాతిపొర ఉండి నీరు పైకి మాత్రమే పోగలిగితే 400 రోజులు. నూరు రోజులంటే ఇంచుమించు ఒక మామూలు సెమిస్టరు. ఆరు వారాలంటే నలభై రెండు రోజులు. ఇది కావాలనే ఇచ్చాడా అని ప్రొఫెసరు మొహం వంక చూశాను. ఏమీ తెలియలేదు.

పీసా గోపురం కథ అప్పుడే విన్నాను. 1173లో మొదలుపెట్టి మూడో అంతస్తు దాకా లేపేసరికి మెత్తటి నేల ఒకపక్కకి కుంగింది. 1178లో పని ఆగిపోయి, యుద్ధాల గొడవల్లో దాదాపు నూరేళ్ళు దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. 1272లో మళ్ళీ ఎత్తుకున్నారు. ఆ నూరేళ్ళలో కింద బంకమట్టి నీరు కక్కి గట్టిపడింది. ఆగకుండా కట్టుకుంటూ పోయుంటే ఏనాడో కూలిపోయేదని ఇంజనీర్లు లెక్కగట్టారు. ఇప్పుడు అలా ఆగే ఓపిక ఎవరికుంది? అందుకే మట్టిలోకి ఇసుక గొట్టాలు దింపుతారు. నీరు పైదాకా పాకనక్కర్లేదు, పక్కనున్న ఇసుకలోకి జారితే చాలు. దూరం సగమైతే కాలం పావు వంతవుతుంది. జపాన్లో సముద్రం మధ్య కన్సాయ్ విమానాశ్రయం కోసం దీవి పోసినప్పుడు ఇలాంటివి లక్షల్లో దింపారు. పైపొర తొందరగా బిగిసింది. అడుగున ఉన్న పాత మట్టికి అవి అందలేదు. 1994లో విమానాలు దిగడం మొదలైనా దీవి కుంగడం మానలేదు.

జూలై 15న ఫైనల్ రాశాను. బి వచ్చింది. సూత్రాలన్నీ రాశాను, లెక్కలు చాలామటుకు కలిశాయి. మొత్తం ఒత్తిడిలోంచి నీటి ఒత్తిడి తీసేస్తే మిగిలేది రేణువులు మోసే ఒత్తిడి అన్న మూడు అక్షరాల సమీకరణాన్ని ఎన్నిసార్లు రాశానో. దానికి అర్థం చెప్పమని అడిగుంటే మాత్రం నీళ్ళు నమిలేవాణ్ణి.

ఆ ఆదివారం కాలింగ్ కార్డు గీకి ఇంటికి ఫోన్ చేశాను. భీమవరం పక్క మా ఊరు.

"ఏరా, పరీక్షలయ్యాయా?"

"అయ్యాయి నాన్నా. నాట్లు ఎందాకా వచ్చాయి?"

"నిన్న దమ్ము చేయించాను. కూలీలు రేపే వచ్చేస్తామంటున్నారు, నేనే వద్దన్నాను. రెండ్రోజులాగాలి కదరా, మన్ను కుదురుకోవద్దూ? ఇప్పుడు నాటితే నారు నిలబడదు, తేలిపోద్ది."

ఫోన్ పట్టుకుని అలాగే ఉండిపోయాను. చిన్నప్పటినుంచీ ఆ మాట వింటూనే ఉన్నాను. దమ్ము చేసిన మడిలో కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుంది. అప్పుడు కాలిని మోసేది మన్ను కాదు, నీళ్ళు. రెండ్రోజులాగితే అదే మడి నారు మొదలుని పట్టుకుంటుంది. మన్ను మారలేదు, సందుల్లోంచి కొంత నీరు పోయింది, అంతే. ఆరు వారాలు నేను బోర్డు మీద చూసిన సమీకరణం అది. నాకు తెలిసొచ్చింది పరీక్షయిన రెండోరోజు, కార్డులో పన్నెండు నిమిషాలు మిగిలుండగా.

స్ట్రక్చరల్ అనాలిసిస్ మళ్ళీ ఫాల్‌లో పదిహేను వారాలూ చదివాను. ట్రాన్స్‌క్రిప్టులో వేసవి దగ్గర దాని పేరు ఎదురుగా, మధ్యలో వదిలేశానని చెప్పే డబ్ల్యూ ఇప్పటికీ ఉంది.

ఈమధ్య మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. ఇంజనీరింగ్ రెండో ఏడు, అమెరికాలోనే. "బాబాయ్, థర్మోడైనమిక్స్, సర్క్యూట్స్ రెండూ సమ్మర్లో తీసేసుకుంటే ఫాల్ ఖాళీ అవుతుంది కదా?" అంది. వేసవి చదువు దండగని నేననను. సర్వేయింగో డ్రాయింగో అయితే నిక్షేపంగా తీసుకోవచ్చు, చేత్తో చేసే పని చకచకా వస్తుంది. ఒక్కటే తీసుకుంటే కష్టమైనదయినా లాక్కురావచ్చు, ఏ రోజు సందేహం ఆ రోజే అడిగేటట్టయితే. పైన మరో నాలుగు సబ్జెక్టులు దేనిమీద నిలబడతాయో అలాంటివి రెండు కలిపి మాత్రం పెట్టుకోవద్దన్నాను. డబ్బు వెనక్కిచ్చే ఆఖరి తేదీ మొదటిరోజే చూసుకోమన్నాను. మడి సంగతి, పీసా సంగతి కూడా చెప్పాను. ఓపిగ్గా వింది.

నిన్న మెసేజ్ పెట్టింది. రెండిటికీ రిజిస్టరయిందట.