కడలియొడ్డున బస

గడచిన మార్గశిరమున విశాఖపట్టణమునందు సముద్రతీరపు పెద్ద హోటలులో మూడు దినము లుంటిమి. గది యెంచుకొనుటయే పెద్ద వ్యవహారమైనది. తోటవైపు గదులు చవుక, కడలివైపువి ప్రియము. "సముద్రమును చూచుటకు సొమ్మేల? నాలుగడుగులు నడచిన నదియే కనబడును గదా!" అని మావారు లెక్కల యుపాధ్యాయులకు తగిన మాటయే యనిరి. నడువగలవారి కది సత్యమే. మా యత్తగారికి డెబ్బదియేండ్లు, మోకాళ్లు వంగవు. కూర్చున్నచోటనుండియే సముద్రమున సూర్యోదయము చూడవలెనని యామె చిరకాలవాంఛ. విశాఖ తీరము ఆగ్నేయాభిముఖము. మార్గశిరమున సూర్యుడు ఆ దిక్కునకే యొరగి యుదయించును. ఇంతకంటె ననువైన మాస మేది?

నేలమట్టపు గదులకు ప్రహరీ యడ్డము. మిక్కిలి పైయంతస్తు నేను వలదంటిని. విద్యుచ్ఛక్తి పోయి లిఫ్టు నిలిచినచో నామెను మోయువారెవరు? కడలివైపు, మొదటి యంతస్తున, లిఫ్టుచెంత గది కోరితిని. స్నానపుగదిలో పట్టుకొనుటకు కమ్మి యున్నదా, నేల జారునా యని చూచిన పిదపనే పెట్టెలు దింపించితిని. ఉప్పుగాలికి కిటికీగడియలు త్రుప్పుపట్టును. వానిని గూడ బిగించి చూచితిని. గుమాస్తా విసుగుకొనెను, కొననిండు.

మరునాడు అత్తగారు నాలుగున్నరకే కుర్చీ వేయించుకొనిరి. మావారు లేచునప్పటికి బారెడు ప్రొద్దెక్కినది.