ఏడు తాళంచెవులు

పోయిన సర్వసభ్య సమావేశంలో "వెబ్‌సైట్ మూడు రోజులు ఎందుకు మూసేశారు?" అని చాలామంది అడిగారు. అక్కడ రెండు ముక్కల్లో సరిపెట్టాం. ఇక్కడ జరిగింది జరిగినట్టు చెబుతాం. పొడుగైతే ఏమీ అనుకోకండి.

కంప్యూటర్ కమిటీ అంటే ముగ్గురమే. ఒకరు ముప్పై ఏళ్లు సర్వర్లు చూసి రిటైరైన పెద్దాయన, అందరికీ బాబాయ్‌గారే. ఇంకొకరు వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం చేస్తున్న కుర్రాడు. మూడో మనిషి పని ఆ ఇద్దరి మధ్యా కాఫీ గ్లాసులు పెట్టడం.

మన అద్దె సర్వర్ మీద సెంట్‌ఓఎస్ 7 నడిచేది. అందులో సభ్యుల జాబితా, స్కాలర్‌షిప్ దరఖాస్తులు, అన్నిటికన్నా ముఖ్యంగా పెళ్లి సంబంధాల వివరాలు ఉన్నాయి. ఆడపిల్లల ఫోటోలు, నక్షత్రం, గోత్రం, జీతం, ఫోన్ నంబరు అన్నీ.

గొడవ ఎప్పుడూ ఒక్కటే. కొత్త ప్యాచ్ వచ్చిన రోజే వెయ్యాలంటాడు కుర్రాడు. నడుస్తున్న బండి చక్రం విప్పొద్దంటారు బాబాయ్. 2024 మార్చి 29న ఎక్స్‌జెడ్ సంగతి బయటపడింది. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేసి, ఆ సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి పెట్టారు. సర్వర్‌లోకి లాగిన్ అవడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వితే దొరికింది. అది చేరింది 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి, అంటే డెబియన్ టెస్టింగ్, ఫెడోరా రాహైడ్ లాంటి సరికొత్త వాటిలోకి. మన పాత సర్వర్ దాకా రాలేదు. బాబాయ్ ఆ వారమంతా మీసం మీద చెయ్యి తియ్యలేదు.

జూన్ 30తో సెంట్‌ఓఎస్ 7కి మరమ్మతులు ఆగిపోయాయి. ఇంక మార్చాల్సిందేనని కుర్రాడు కాగితం తయారుచేశాడు. సరిగ్గా మర్నాడే ఓపెన్ఎస్ఎస్‌హెచ్‌లో పెద్ద లోపం బయటపడింది. అంటే దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లే గుమ్మంలోనే అన్నమాట. 2006లో మూసిన కన్నమే కొత్త వెర్షన్లలో మళ్లీ తెరుచుకుంది. మనది 7.4, దానికి ఆ లోపం లేదు! బాబాయ్ మైసూర్‌పాక్ తెప్పించారు. "రెండుసార్లు వాన పడలేదని గొడుగు పారేస్తామా బాబాయ్?" అన్నాడు కుర్రాడు. మైసూర్‌పాక్ మాత్రం తిన్నాడు. మార్పు వాయిదా పడింది.

ఆగస్టులో ఒక తల్లి ఫోన్ చేశారు. తమకు పరిచయం లేని పెళ్లిళ్ల బ్రోకరు ఒకడు వాళ్లమ్మాయి ఫోటో, జాతకంతో సహా మాట్లాడాడట. "మీకు తప్ప ఎక్కడా ఇవ్వలేదండీ" అన్నారు. ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది మాకు.

ఆ రాత్రి ముగ్గురం కూర్చున్నాం. ప్యాచ్‌ల గురించి నెలల తరబడి వాదించుకున్నాం గానీ, లోపలికి రాగల తాళంచెవుల జాబితా ఉన్న ఫైలు ఒక్కరమూ తెరవలేదు. తెరిస్తే ఏడు. మూడు మావి. ఒకటి ఎన్నడో కెనడా వెళ్లిపోయిన పాత కమిటీ కుర్రాడిది. ఒకటి వెబ్‌సైట్ కట్టిన కాంట్రాక్టరుది. మిగతా రెండూ ఎవరివో తెలియదు, పేరు దగ్గర "ల్యాప్‌టాప్" అని మాత్రమే ఉంది. పైగా ఏడింటితోనూ నేరుగా రూట్‌గా, అంటే యజమాని హోదాలో, వెళ్లొచ్చు. ఎవరు ఎప్పుడు వచ్చారో చూద్దామంటే లాగ్‌లు నాలుగైదు వారాలవే ఉన్నాయి. వాటిలో మేం తప్ప ఎవరూ లేరు. అంతకుముందు సంగతి దేవుడికే తెలియాలి. ఆ వివరాలు మన సర్వర్ నుంచే పోయాయని చెప్పలేం, పోలేదనీ చెప్పలేం. ఆవిడకూ అదే చెప్పాం.

చిక్కపేట మేడమీద గదిలో సంఘం నడిచిన రోజుల్లో సభ్యుల రిజిస్టరు బీరువాలో ఉండేది. కార్యదర్శి మారిన రోజున తాళంచెవి అప్పగించినట్టు మినిట్స్ పుస్తకంలో ఇద్దరూ సంతకాలు పెట్టేవారు. ఆ పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి, చూసుకోవచ్చు.

మూడు రోజులు మూసింది అందుకే. సర్వర్‌ని ఆల్మాలైనక్స్ 9కి మార్చాం. ఎవరి ఖాతా వారికి, రూట్ లాగిన్ బంద్, పాస్‌వర్డ్‌తో లోపలికి రావడం బంద్. లాగ్‌లు ఏడాది పాటు వేరేచోట దాస్తున్నాం. భద్రతా ప్యాచ్‌లు వాటంతటవే పడతాయి, దీనికి బాబాయ్ ఒప్పుకున్నారు. ఎస్ఈలైనక్స్ దగ్గర మాత్రం గంటన్నర వాదన. ఏ ప్రోగ్రాము ఏ ఫైలు ముట్టుకోవచ్చో కట్టడి చేసేది అది. పాత సర్వర్‌లో ఫోటోలు ఎక్కడం లేదని ఎప్పుడో ఎవరో ఆపేసి, అలాగే వదిలేశారు. ఇప్పుడు పెట్టాం. మొదటి రోజు మళ్లీ ఫోటోలు ఎక్కలేదు, బాబాయే కూర్చుని సరిచేశారు. పోర్టు 22 మార్చాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.

ఆవిడ తమ అమ్మాయి వివరాలు తీసేయమన్నారు. వెంటనే తీసేశాం. పాత బ్యాకప్‌లలోంచి తీయడానికి ఇంకో వారం పట్టింది.

ఆ "ల్యాప్‌టాప్" తాళంచెవులు రెండూ ఎవరివో తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి. తప్పు పట్టం. ఆ చెవులు ఇప్పుడు పనిచెయ్యవు, కానీ ఆ ల్యాప్‌టాప్‌లు ఎవరి చేతుల్లో ఉన్నాయో తెలుసుకోవాలి.