ఎంతో ఆనందించాము

"ఎంతో ఆనందించాము" అన్న మాట చదివితే నాకు ఒళ్లు మండుతుంది. సెలవుల తరవాత బళ్లో పిల్లలచేత రాయించే ప్రతి వ్యాసానికీ చివర అది తగిలించి ఉంటుంది. గోల్కొండ ఎక్కినా, అమ్మమ్మగారి ఊరు వెళ్లినా, దారిలో కారు చెడిపోయి ఎండలో పడిగాపులు పడినా, అందరూ ఎంతో ఆనందించే తిరిగొస్తారు. ఏడెనిమిదేళ్ల పిల్ల నోటివెంట ఆ మాట రావడం మీరెప్పుడైనా విన్నారా?

2024లో జనవరి 26 శుక్రవారం పడింది. శని, ఆదివారాలు కలిసొచ్చాయని విద్యానగర్‌లో మా మేనకోడలి ఇంట్లో అందరం చేరాం. శనివారం సాయంత్రం నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి బయల్దేరాం. నారాయణగూడలో మెట్రో ఎక్కి, ఎంజీబీఎస్‌లో మారి, గాంధీభవన్‌లో దిగాం. మేనకోడలి కూతురు మూడో తరగతి. అది సోమవారానికల్లా సెలవులెలా గడిపిందో రాసుకుపోవాలి. ఆదివారం రాత్రి నేలమీద బోర్లా పడుకుని రఫ్ నోటుబుక్కులో పేజీన్నర నింపింది. అందులో కొంత నేను అప్పుడే ఎత్తి రాసి పెట్టుకున్నాను.

"మెట్రోలో మెట్లు వాటంతటవే పోతున్నాయి. తాతయ్య చెప్పులు విప్పి ఎక్కాలా అని అడిగాడు. ఎగ్జిబిషన్‌లో నాన్న నన్ను భుజాలమీద ఎక్కించుకున్నాడు. అందరి నడినెత్తులు కనిపించాయి. అమ్మ దుప్పటి బేరం చేసింది. ఆయన ఇవ్వనన్నాడు. మేం వెళ్లిపోతున్నట్టు నడిచాం. ఆయన పిలవలేదు. మళ్లీ మేమే వెనక్కి వెళ్లాం. జెయింట్ వీల్ పైన ఆగినప్పుడు నాన్న కళ్లు మూసుకున్నాడు. నేను చూశాను. ఎవరికీ చెప్పలేదు."

వాళ్లమ్మ చదివి పకపకా నవ్వింది. నవ్వడం అయ్యాక పెన్సిల్ తీసుకుని అంతా కొట్టేసింది. "మేడమ్ చదువుతుందే, పరువు పోతుంది" అంది. ఫోన్‌లో చూసి చెప్పి రాయించింది: నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైంది, 1946 నుంచి నాంపల్లి మైదానంలో జరుగుతోంది, జనవరి 1న మొదలై నలభై ఆరు రోజులుంటుంది. అన్నీ నిజాలే. ఉస్మానియా పట్టభద్రులు పూనుకుని నిలబెట్టిన ప్రదర్శన అది, దాని చరిత్ర పిల్లలకి తెలియాల్సిందే. అయితే 1938ని ఆ పిల్ల చూడలేదు. దుప్పట్లాయన పిలవకపోవడాన్ని చూసింది.

"ఆ దుప్పటి సంగతొక్కటీ ఉంచవే" అని బతిమాలాను.

"నీకు తెలీదత్తా, మార్కులు పోతాయి."

మార్కులు పోతాయేమో. పోనీ. దుప్పటి బేరంలో ఒక అమ్మ, ఒక వ్యాపారి, పంతానికి పోయి ఓడిన నలుగురు మనుషులు ఉన్నారు. అయిదు వాక్యాల్లో, ఒక్క విశేషణం లేకుండా. కథలు రాసేవాళ్లు ఏళ్లతరబడి కష్టపడి నేర్చుకునే పని అది. దాన్ని చెరిపి "రంగురంగుల దీపాలతో మైదానం కన్నుల పండువగా ఉంది" అని రాయించడాన్ని చదువు అంటే నేను ఒప్పుకోను.

ఇది మూడో తరగతితో పోయేది కాదు. మా ఇంటికి నడక దూరంలోనే పోటీ పరీక్షల కోచింగ్‌కి పేరుపడ్డ అశోక్‌నగర్ ఉంది. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం ఆవరణలో జిల్లాల నుంచి వచ్చిన కుర్రాళ్లు, ఆడపిల్లలు పొద్దస్తమానం చదువుతూ కనిపిస్తారు. హాస్టల్ ఇరుకు గదులు, అప్పు తెచ్చి కట్టిన కోచింగ్ ఫీజులు, ఎప్పుడొస్తుందో తెలియని నోటిఫికేషన్. వాళ్లంటే నాకు గౌరవం. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఎస్సే పేపరుంటుంది. దానికోసం జిరాక్సు షాపుల్లో తయారు వ్యాసాలు కొనుక్కుని వల్లె వేస్తుంటారు. కరువు గురించిన వ్యాసం బట్టీపట్టే కుర్రాడు కరువున్న ఊరినుంచే వచ్చి ఉంటాడు. వాళ్ల బావి ఎండిన సంగతి అతని కాగితంలోకి రాదు. రాయవచ్చని చిన్నప్పుడెవరూ చెప్పలేదు మరి.

చెప్పినవాళ్లు లేకపోలేదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మనకి రేడియో అన్నయ్య, అక్కయ్య. మద్రాసు రేడియోలో పిల్లల కార్యక్రమం నడిపి, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హైదరాబాదు వచ్చారు. వాళ్ల బాలానంద సంఘం ఈ నారాయణగూడలోనే. ఆదివారం బాలానందం అంటే వీధిలో పిల్లలంతా రేడియో ఉన్న ఇంటికి చేరేవాళ్లం. అందులో మాట్లాడేదీ, పాడేదీ, తడబడేదీ మావంటి పిల్లలే. వాళ్లు 1945లో మొదలుపెట్టిన 'బాల' పత్రికలో పెద్దలతోపాటు పిల్లలూ రాసేవారు. ముళ్లపూడి వెంకటరమణ మొదటి కథ "అమ్మ మాట వినకపోతే" అచ్చయింది అందులోనే. అప్పటికి ఆయనకి పద్నాలుగేళ్లు. పద్నాలుగేళ్ల కుర్రాడు రాసింది అచ్చువేశారు గనక తెలుగువాళ్లకి బుడుగు దక్కాడని నా గట్టి నమ్మకం. ఇప్పుడు తార్నాకలో మంచి పుస్తకం వాళ్లు పిల్లల కోసం పుస్తకాలు తెస్తున్నారు, సంతోషం. పిల్లలకి పుస్తకాలు ఇస్తున్నాం, వాళ్ల చేతిలో పెన్సిల్ మాత్రం లాగేసుకుంటున్నాం.

ఆ వ్యాసం నన్నే రాయమంటే, నుమాయిష్ అనగానే నాకు మైకు గుర్తొస్తుంది. అప్పుడు నాకు ఆరేళ్లు. గాజుల దుకాణం ముందు నాన్న వేలు వదిలేశాను. ఎవరో ఒకాయన చెయ్యిపట్టుకుని తీసుకెళ్లి, తప్పిపోయిన పిల్లల్ని కూర్చోబెట్టే గదిలో బల్లమీద కూర్చోబెట్టాడు. మైకులో ఉర్దూలో, తెలుగులో నా గుర్తులు చెప్పారు. నా గౌను ఆకుపచ్చది, వాళ్లు నీలం అన్నారు. మా నాన్న ఆ కేక విన్నాడట. నీలం గౌను అనేసరికి మనమ్మాయి కాదులే అనుకుని ఇంకోవైపు వెతుక్కుంటూ పోయాడట.

నా పక్కన ఇంకో పిల్లాడున్నాడు. వాడికి తెలుగు రాదు, నాకు ఉర్దూ రాదు. వాడు ఏడవడం లేదు. చేతిలో తన మొహమంత అప్పడం పట్టుకుని, అంచు వెంబడి గుండ్రంగా కొరుక్కుంటూ వస్తున్నాడు. సగం విరిచి నాకిచ్చాడు. అది తింటూ నేనూ ఏడుపు మానేశాను. చివరికి నాన్న వచ్చాడు. చొక్కా అంతా తడిసిపోయింది. నన్ను ఎత్తుకోబోతే, వాడొక్కడే ఉండిపోతాడని నేను బల్ల వదల్లేదు. నాన్న కాసేపు చూసి, వచ్చి మా ఇద్దరి మధ్యా కూర్చున్నాడు.

కొంతసేపటికి బురఖాలో ఒక ముసలావిడ వచ్చింది, వాడి నాయనమ్మ. మనవణ్ణి ఒక్కటి వేసి, మా నాన్న వైపు తిరిగి, ఆడపిల్లని వదిలేస్తావా, ఎలాంటి తండ్రివి నువ్వు అని దులిపేసింది. మీ మనవడి మాటేమిటి అన్నాడు నాన్న, ఆవిడ భాషలోనే. వీడు ఏటా తప్పిపోతాడు, వీడికి ఈ గది తెలుసు, నీ బిడ్డకి తెలుసా అంది ఆవిడ. నాన్న దగ్గర జవాబు లేదు. అందరం కలిసే మిర్చి బజ్జీల కొట్టుదాకా నడిచాం, అక్కడ డబ్బులు ఎవరిచ్చుకోవాలన్న దానిమీద వాళ్లిద్దరికీ మళ్లీ మొదలైంది.