లీలావతియు, జీపు చక్రమును

శీర్షిక చూచి సోదరీమణులు నవ్వుకొందురేమో. ఊరగాయలు, పిల్లల జలుబులు విడిచిపెట్టి ఈమెకు మోటారు చక్రముల గొడవ యేల యని యడుగవచ్చును. ఆ చక్రములపై తిరుగు బండిలో మా తోడికోడలును, ఆమె యైదేండ్ల కుమారుడును కూర్చుందురు గనుక ఆ గొడవ నాకు పట్టినది.

మా మరిది అమెరికాలో కొలరాడో రాష్ట్రమున ఉద్యోగము చేయుచున్నాడు. సెలవు దినములందు జీపు తీసికొని కొండలలో, బండలమీద, దారి లేనిచోట దారి చేసికొని పోవుట అతనికి వినోదము. అచ్చట ఈ సరదా గలవారు పెక్కుమంది కలరు. యూటా రాష్ట్రమందలి మోయాబ్, కాలిఫోర్నియాలోని రూబికాన్ బాట వారికి పుణ్యక్షేత్రములవంటివి. బండల నెక్కుటకు పెద్ద టైర్లు కావలెను గదా! అతడు 37 అంగుళముల టైర్లు తగిలించెను. టైరు పెద్దదైనకొలది ఇరుసుపై మెలిపెట్టు బలము హెచ్చును. నిరుడు వెనుక ఇరుసు ఒక బండయొద్ద పుటుక్కున విరిగినది. అంతట అతడు బరువులు మోయు పెద్ద పికప్ ట్రక్కుల ఇరుసులను పాతసామానుల దుకాణమునుండి తెచ్చి, జీపుక్రింద అమర్చుటకు పూనుకొనెను. ఇదియు ఆ దేశమున వాడుకలో నున్న పద్ధతియే.

ముందు ఇరుసు 2000 నాటి ఫోర్డు ట్రక్కుది. వెనుకది జనరల్ మోటార్స్ వారిది. ఈ రెండవదానిని అచ్చటివారు ‘పదునాలుగు బోల్టుల’ ఇరుసందురు. ఆ పేరు విని చక్రమునకు పదునాలుగు బోల్టు లుండునని యనుకొనరాదు. అవి ఇరుసు నడుమనుండు గేర్లపై మూతకు బిగించు బోల్టులు. చక్రమునకు మాత్ర మెనిమిదే. ఫోర్డు ఇరుసునకును ఎనిమిదే.

చిక్కంతయు ఇందే కలదు. ఒక రాత్రి ఫోనులో మరిది, “వదినా, వెనుక చక్రములు చక్కగా ఎక్కినవి. ముందువి మాత్రము మొరాయించుచున్నవి. రెంటికిని ఎనిమిదే బోల్టులు గదా! త్రుప్పు పట్టియుండును. రంధ్రములను ఆకురాయితో కొంచెము ఒరసి బిగించెదను” అనెను.

“ఎనిమిది సరే నాయనా! ఆ యెనిమిదియు నిలిచిన వలయ మెంత?” అని యడిగితిని.

ఎనమండుగురు స్త్రీలు కోలాటమునకు వలయముగా నిలిచిరనుకొనుడు. ప్రక్కనే మఱి యెనమండుగురు మఱియొక వలయముగా నిలిచిరి. లెక్క సమానమే. కాని రెండవ వలయము జానెడు పెద్దదైనచో, ఒక వలయమును మఱియొకదానిపై నుంచిన అడుగులు కలియవు. బోల్టుల నడిబొడ్డులగుండా పోవు ఆ వలయపు అడ్డుకొలతను మన దుకాణములవారు పీ.సీ.డీ. యందురు. జనరల్ మోటార్స్ వారి ఆ యిరుసున అది 165.1 మిల్లీమీటర్లు, అనగా ఆఱున్నర అంగుళములు. ఫోర్డువారు 1999 నమూనాలతో తమ పెద్ద ట్రక్కులకు 170 మిల్లీమీటర్ల వలయమును ప్రవేశపెట్టిరి. భేదము 4.9 మిల్లీమీటర్లు. ఒక్కొక్క బోల్టు తన చోటునుండి రెండున్నర మిల్లీమీటర్లు కూడ జరుగలేదు. రెండు రూపాయి బిళ్లల మందమైన లేదు.

ఇంత స్వల్ప భేదమే భయంకరము. ఐదు బోల్టుల చక్రమును ఎనిమిదింటిపై ఎవ్వరును పెట్టజూడరు. ఇంచుమించుగా సరిపోవు చక్రమును మాత్రము సుత్తితోనో ఆకురాయితోనో ఒప్పింప జూతురు. బండి బరువును బోల్టులు కొయ్యకు వ్రేలాడు సంచివలె మోయునని పలువు రనుకొందురు. అట్లు కాదు. నట్టులు చక్రమును వెనుకనున్న లోహపు ముఖమునకు గట్టిగా అదిమిపట్టును. ఆ యదుముడుచే కలుగు రాపిడియే భారమును మోయును. నట్టు యొక్క శంకువువంటి మొన రంధ్రపు టంచున నున్న వాలులో నిండుగా కూర్చుండినప్పుడే ఆ బిగింపు నిలుచును. రంధ్రము తన చోటున లేనిచో బోల్టు వంగును. నట్టు ఒక ప్రక్కనే ఆనును. చేతికి బిగిసినట్లే తోచును గాని, నాలుగు నాళ్ల ప్రయాణములో సడలును. బోల్టు వంగి వంగి విరుగును. ఆకురాయితో ఒరసినచో నట్టు కూర్చుండవలసిన వాలే పోవును. చక్ర మూడిపోవుట కొండమీద బండి మెల్లగా ప్రాకునప్పు డైనచో కొంత నయము. ఇంటికి మరలునప్పుడు రహదారిపై నైనచో? ఈ మాట నేను మరిదితో గాక తోడికోడలితోనే చెప్పితిని. ఆమె ఆకురాయిని దాచివేసినది.

కొలుచుట యెట్లో చెప్పెదను. నాలుగు, ఆఱు, ఎనిమిది బోల్టులైనచో ప్రతిదానికిని ఎదురుగా నొకటి యుండును. ఒక రంధ్రపు లోపలి యంచునుండి ఎదుటిదాని వెలుపలి యంచు వరకు కొలిచిన చాలును. ఐదింటికి అట్లు కాదు, ఎదురు లేదు. మరిది తన పాత చక్రముల నమ్మజూచినప్పు డీ సందేహము వచ్చినది.

నేను బడికి పోలేదు. అమరము, రఘువంశము ముగిసిన పిమ్మట మా తండ్రిగారే నాచేత లీలావతి చదివించిరి. భాస్కరాచార్యుడు 1150లో రచించిన ఆ గణితమున, వృత్తములో నిమిడిన సమభుజముల కొలతలకు గుణకములు కలవు. వృత్తవ్యాసము 120000 అయినచో పంచభుజమునకు ఒక భుజము 70534. ఆయన యంకెలను పేర్లతో జెప్పును: వేదములు నాలుగు, అగ్నులు మూడు, బాణము లైదు, ఆకాశము సున్న, గుఱ్ఱము లేడు. కుడినుండి యెడమకు పేర్చుకొనవలెను. బండి లెక్కలోనికి గుఱ్ఱములు వచ్చుట నాకు ముచ్చటగా తోచినది.

ప్రక్కప్రక్కనున్న రెండు రంధ్రముల నడుమ 67.2 మిల్లీమీటర్లని మరిది చెప్పెను. దానిని 120000చే హెచ్చించి 70534చే భాగించితిని, 114.3 వచ్చినది. అనగా నాలుగున్నర అంగుళములు. కొనవచ్చినవానిది 1980 నాటి జీపు. దాని వలయము 139.7 మిల్లీమీటర్లు. రెండవ ప్రపంచయుద్ధపు విల్లీస్ మొదలుకొని 1986 వరకు ఆ వంశపు జీపుల కదియే కొలత. మన మారుతీ జిప్సీకిని అదియే. 1987 నుండి 2006 వరకు రాంగ్లర్ జీపులకు 114.3, 2007 నుండి 127. అన్నియు ఐదు బోల్టులవే, అన్నియు జీపులే! ఆ బేరము మానుకొనిరి.

ఒక జాగ్రత్త: ప్రక్కప్రక్క రంధ్రములను కొలుచునపుడు ఒక మిల్లీమీటరు తప్పిన, ఫలితమున 1.7 తప్పును. నడుమ నొకటి విడిచి కొలిచి 1.05చే హెచ్చించినచో దోషము స్వల్పము. నడిమి పెద్ద రంధ్రము హబ్బుపై ఎక్కునో లేదో వేఱుగా చూడవలెను.

మన యింటి కార్లకును ఇది వర్తించును. నాలుగు బోల్టులవానిలో 100, 108 మిల్లీమీటర్ల వలయములు రెండును కలవు. సొగసైన చక్రములు కొనునపు డడుగుడు. ఇరుసులే మార్చుట మాత్రము మన దేశమున తగదు. తయారీదారులు నిర్దేశించిన రూపమునకు విరుద్ధముగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పియున్నది.

మరిది మిత్రులు నడుమ నొక మార్పుబిళ్ల వేయుమనిరి. మంచివి దొరకును గాని అవి చక్రమును వెలుపలికి నెట్టును. చూచుకొనవలసిన నట్టులు రెట్టింపగును. ముందొక కొలత, వెనుక నొక కొలత యైనచో స్టెప్నీలును రెండు మోయవలెను. తుదకతడు ఆ యిరుసు నమ్మి, 165.1 వలయముగల 1996 నాటి ఫోర్డు ఇరుసును తెచ్చెను. చక్రము లెదురెదురు నట్టుల వరుసన బిగించి, నూఱు కిలోమీటర్ల లోపల మరల సరిచూచిరి. ప్రతి నట్టునుండి రిమ్ము మీదికి ఎఱ్ఱరంగుతో నొక గీత గీసిరి. నట్టు సడలిన గీత విఱుగును. ప్రయాణమునకు ముందు ఆ గీతలు చూచు పని తోడికోడలు తానే యుంచుకొన్నది, మరిది కప్పగింపలేదు.