రాత్రి ఎక్కితే పొద్దున దిగడమేనా?

విమానం టిక్కెట్టు మీద వేసిన టైములు చూసి నేను పొరబడ్డాను. మీకలా కాకూడదని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది పాతబస్తీలోని లాల్‌దర్వాజా. 2023 ఎండాకాలంలో మా అమ్మాయి పురిటికి డల్లాస్ వెళ్లాను. శనివారం రాత్రి 10 గంటలకు శంషాబాద్‌లో ఎక్కితే ఆదివారం పొద్దున 9.45కి అక్కడ దిగుతానని టిక్కెట్టులో ఉంది. 'ఓస్, ఇంతేనా! రాత్రి రైలెక్కి పొద్దున తిరుపతిలో దిగినట్టే' అనుకున్నాను. "పదింటికల్లా ఫోన్ చేస్తానత్తయ్యా" అని చెప్పి బయల్దేరాను.

ఫలక్‌నుమా, చాంద్రాయణగుట్ట మీదుగా ఎయిర్‌పోర్టుకు సుమారు 20 కిలోమీటర్లు. మూడు గంటల ముందే చేరాం. అక్కణ్ణించి దుబాయికి దాదాపు 2,550 కిలోమీటర్లు, పావు తక్కువ నాలుగు గంటలు. అక్కడ రెండున్నర గంటలు కూర్చున్నాక డల్లాస్ విమానం. అది 12,900 కిలోమీటర్లు, ఏకబిగిన 16 గంటలు! లెక్కేస్తే మొత్తం ఇరవై రెండుంబావు గంటలు. మరి టిక్కెట్టులో పన్నెండు గంటలే కనబడిందేం? ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు కనుక. ఎండాకాలంలో డల్లాస్ గడియారం మనకన్నా పదిన్నర గంటలు వెనక.

ఇక్కడేమో అత్తయ్య పొద్దున పదింటి నుంచి ఫోన్ ముందే కూర్చున్నారట. ఆవిడకు షుగరు. మావారు డ్యూటీకి వెళ్లారు. మధ్యాహ్నం దాటినా నా కబురు లేదని అన్నం ముట్టలేదు. కళ్లు తిరిగి గోడ పట్టుకున్నారు. అదృష్టం కొద్దీ ఎదురింటి ఆపా వచ్చింది. వాళ్లాయన జిద్దాలో పనిచేస్తాడు. విషయం వినగానే, "అమ్మా, మీ కోడలింకా ఆకాశంలోనే ఉంది" అని నచ్చజెప్పి, మజ్జిగన్నం కలిపి దగ్గరుండి తినిపించిందట. డల్లాస్‌లో తనిఖీలన్నీ ముగించుకుని నేను ఫోన్ చేసేసరికి ఇక్కడ పదే అయింది, కాకపోతే రాత్రి పది!

అందుకే చెబుతున్నాను. టిక్కెట్టు కొన్నప్పుడు రెండు గడియారాలనూ కలిపి చూడకండి. ఇల్లు కదిలింది మొదలు మన ఊరి టైములోనే గంటలు లెక్కపెట్టండి. నవంబరు నుంచి మార్చి దాకా డల్లాస్‌తో తేడా పదకొండున్నర గంటలవుతుంది, అదీ చూసుకోండి. మాత్రలు రెండు రోజులకు సరిపడా చేతిసంచీలోనే ఉంచండి. వచ్చేటప్పుడు ప్రయాణం గంటకు పైగానే తగ్గింది. పడమటి గాలులు విమానాన్ని వెనక నుంచి తోస్తాయట.

ఆపా వాళ్ల గోడకు రెండు గడియారాలుంటాయి. ఒకటి మనది, ఇంకొకటి రెండున్నర గంటలు వెనక నడిచే జిద్దాది. అదేదో ముచ్చటకు పెట్టుకున్నారనుకునేదాన్ని. ఇప్పుడు మా హాల్లోనూ రెండున్నాయి. రెండోది చూశాకే అత్తయ్య మునిమనవరాలికి ఫోన్ చేయమంటారు.