ఎముక ఎదిగేదాకా ఆగండి

సెలక్షన్లు దగ్గరపడే రోజుల్లో నా ఓపీకి వచ్చే ఫుట్‌బాల్ పిల్లలు నొప్పి లేదంటారు. మోకాలి చిప్ప కింద బుడిపె లేచి ఉంటుంది, వేలు పెడితే ఉలిక్కిపడతారు, అయినా "బాగానే ఉంది సార్, ఆడొచ్చని రాసివ్వండి" అంటారు. లిస్టు వస్తుంది. అందులో పేరు లేకపోతే అదే పిల్లవాడు తండ్రి వెంట కుంటుతూ మళ్ళీ వస్తాడు. బుడిపె అంతే ఉంది, వాపేమీ పెరగలేదు. నొప్పి మాత్రం మెట్లెక్కనివ్వడం లేదు. వాడు నటిస్తున్నాడని తండ్రికి అనుమానం. నాకు లేదు. ఇన్నాళ్ళూ ఆశ అణిచిపెట్టిన నొప్పే, ఆశ పోగానే పైకి వచ్చింది.

ఆ బుడిపెకు పేరుంది, ఆస్‌గుడ్ ష్లాటర్ వ్యాధి. తొడ కండరం లాగేచోట ఎముక ఇంకా మెత్తగా, ఎదుగుతూ ఉండగా పరుగులూ గెంతులూ ఎక్కువైతే వస్తుంది. ఎదుగుదల ఆగితే చాలావరకు అదే తగ్గుతుంది. మందులకన్నా పనిచేసేది కొంత విశ్రాంతి, కొంత ఓపిక. అకాడమీల్లో దొరకనిది ఆ రెండోదే.

మల్కాజ్‌గిరి నుంచి వచ్చిన ఒక పదమూడేళ్ళ అబ్బాయిని (గుర్తుపట్టకుండా ఈ పిల్లల వివరాలు కొన్ని మార్చాను) "హైట్ లేదు" అని పంపేశారు. తండ్రి స్కూల్ వ్యాన్ నడుపుతాడు. ఎత్తు పెరిగే ఇంజెక్షన్లు ఉంటాయట కదా, అప్పు చేసైనా వేయిస్తానన్నాడు. మణికట్టు ఎక్స్‌రే తీయించాను. ఎముక వయసు పదకొండు దగ్గరే ఉంది. రక్తపరీక్షల్లో లోపమేమీ లేదు. "మీరెప్పుడు పొడుగయ్యారు?" అని తండ్రిని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించాడు. "నేనా సార్? పదో తరగతిల అందరికన్నా చిన్నగ నేనే ఉంటుండె. ఇంటర్ సెకండియర్ల ఒక్కసారే పెరిగిన" అన్నాడు. పిల్లవాడు తలెత్తి తండ్రి ఎత్తును కొలుస్తున్నట్టు చూశాడు. ఆ ఇంట్లో మగపిల్లలు ఆలస్యంగా ఎదుగుతారు, అంతే. ఇంజెక్షన్ అక్కర్లేదు, మూడునాలుగేళ్ళు ఆగడం కావాలి.

మగపిల్లలు సాధారణంగా పదమూడు, పద్నాలుగేళ్ళ ప్రాంతంలో వేగంగా పెరుగుతారు. కానీ ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరు పదమూడేళ్ళ వాళ్ళ ఎముకల మధ్య నాలుగైదేళ్ళ తేడా ఉండొచ్చు. దీనికి తోడు పుట్టిన నెల. వయసు గ్రూపు జనవరి 1తో మొదలైతే జనవరిలో పుట్టినవాడూ డిసెంబరులో పుట్టినవాడూ ఒకే జట్టుకు పోటీపడాలి. అందుకే చాలా దేశాల జూనియర్ జట్లలో ఏడాది మొదట్లో పుట్టినవాళ్ళే ఎక్కువ కనిపిస్తారు. కోచ్ ప్రతిభను ఎంచాననుకుంటాడు, నిజానికి చాలాసార్లు ముందుగా ఎదిగిన శరీరాన్ని ఎంచుకుంటాడు.

ముందుగా ఎదిగినవాడి కథ మరీ బాధాకరం. పన్నెండేళ్ళకే మీసం మొలిచిన ఒక కుర్రాడు అండర్-13లో కెప్టెన్. అండర్-15లోనూ వాడినే దింపేవారు. హాస్టల్ అకాడమీలో చేరాక బడి పేరుకే మిగిలింది. పదహారు నిండేసరికి తోటివాళ్ళు ఎత్తులో, పరుగులో వాణ్ణి అందుకున్నారు. నడుం నొప్పితో నా దగ్గరికి వచ్చాడు. వెనక్కి వంగితే నొప్పి. మామూలు ఎక్స్‌రేలో ఏమీ లేదు, ఎమ్మారైలో వెన్నుపూస వెనుకభాగంలో సన్నని చీలిక కనిపించింది. ఏళ్ళ తరబడి రెండు జట్ల మ్యాచులూ ఒక్కడే ఆడిన ఫలితం. మూడు నెలలు ఆట మానమన్నాను. ఆ మూడు నెలల్లో వాడి స్థానం మరొకడికి వెళ్ళింది. ఎన్నడూ ఎంపిక కాని పిల్లవాడికన్నా వీడి దుఃఖం లోతైనది. ఊరంతా వాణ్ణి పేరుతో కాక జెర్సీ నంబరుతో పిలిచేది. ఆ నంబరు పోయాక తనెవరో వాడికి తెలియలేదు. తిండి తగ్గింది, నిద్ర తగ్గింది. నడుం మానాక కూడా చాలాకాలం మా మానసిక వైద్యురాలి దగ్గరికి పంపుతూనే ఉన్నాను.

వయసు తగ్గించి రాయించే వ్యవహారం గురించీ చెప్పాలి. మనదేశంలో జూనియర్ ఆటగాళ్ళ వయసు తేల్చడానికి మణికట్టు ఎక్స్‌రే చూస్తారు. ఫిఫా 2009 నుంచి అండర్-17 ప్రపంచకప్‌లో ఎమ్మారై వాడుతోంది. "తక్కువ వయసు వచ్చేట్టు తీయొచ్చా సార్" అని నన్ను అడిగిన పెద్దమనుషులున్నారు. తీయలేను, తీయను. ఎక్స్‌రే పుట్టినరోజు చెప్పదు, ఒకటి రెండేళ్ళు అటూఇటూ పోతుంది. అందుకే నిజాయితీగా ఉన్న పిల్లవాడు కూడా అప్పుడప్పుడు దానికి బలైపోతాడు. పెద్దలు ఆధార్ మార్పిస్తారు, నిషేధం మాత్రం పిల్లవాడి మీద పడుతుంది.

ఆడపిల్లలది మరో కష్టం. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్ళిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడుతుంటే మన తండాల్లో ఎందరో అమ్మాయిలు స్టడ్స్ కొనుక్కున్నారు. అలా మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయికి మలుపు తిరుగుతుండగా మోకాలి ముందు లిగమెంట్ తెగింది. ఈ దెబ్బ అబ్బాయిలకన్నా అమ్మాయిలకు చాలా ఎక్కువ. ఆపరేషన్ బాగానే అయింది. అసలు పని ఆ తర్వాతది: కనీసం తొమ్మిది నెలల వ్యాయామం. అంతకుముందే ఆడితే మళ్ళీ తెగే ప్రమాదం బాగా పెరుగుతుంది. కానీ హాస్టల్లో ఆమె మంచం రెండో నెలలోనే ఇంకొకరికి ఇచ్చేశారు. తండాలో ఫిజియో ఎక్కడుంటారు? వ్యాయామాలన్నీ బొమ్మలు గీసి ఇచ్చాం, ఫోన్‌లో వీడియో చూసి సరిదిద్దాం. దెబ్బ తగిలినవాళ్ళను ఇంటికి పంపడం అకాడమీలకు అలవాటు. పిల్లల మనసు విరిగేది లిగమెంట్ తెగినప్పటికన్నా ఆ బస్సెక్కినప్పుడే.

మా హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు కొత్తది కాదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిన జట్ల కోచ్ రహీం సాబ్ ఈ ఊరివాడే. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అమ్ముగూడ నుంచి ఎదిగిన తులసీదాస్ బలరాం జబ్బుపడి ముప్పై నిండకుండానే ఆట మానాల్సి వచ్చింది. అయితే ఆయనకు రైల్వే ఉద్యోగం ఉండేది. ఆ తరానికి ఆట ఆగినా జీతం ఆగలేదు. ఇవాళ్టి పిల్లలకు ఆ ఆసరా పలచబడింది. 2022లో ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ సైతం డబ్బు కష్టాల్లో పడి, 2025లో ఢిల్లీకి తరలిపోయింది. సాయంత్రం టర్ఫ్ మీద ఫీజు కట్టి ఆడే పిల్లలకైతే "నువ్వు పైకి వెళ్ళలేవు" అని చెప్పేవారే ఉండరు. పద్దెనిమిదేళ్ళు వచ్చాక తమకు తామే తెలుసుకుంటారు.

వదిలేయడం ఇంగ్లండ్‌లోనూ ఉంది. జేమీ వార్డీని షెఫీల్డ్ వెన్స్‌డే పదహారేళ్ళకు పంపేసింది. ఆయన ఆస్పత్రుల స్ప్లింట్లు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తూ చిన్న క్లబ్బుల్లో ఆడి, 2016లో లెస్టర్‌తో ప్రీమియర్ లీగ్ గెలిచాడు. తండ్రులకు నేనీ కథ చెప్పను. ఒక్క వార్డీ పేరుతో వేలమంది పిల్లలు చదువు పోగొట్టుకోకూడదు. నేను చెప్పేది వేరే సంగతులు. అక్కడ కొన్ని పోటీల్లో పిల్లల్ని వయసుతో కాక ఎదుగుదలతో జతపరిచి ఆడిస్తున్నారు. బెల్జియం ఆలస్యంగా ఎదిగేవారికి వేరే జాతీయ జట్టే పెట్టింది. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ 2021లో, తాను వదిలేసిన కుర్రాళ్ళకు మూడేళ్ళ పాటు తోడుండే ఏర్పాటు మొదలుపెట్టింది.

కోచ్ సార్లకు నా విన్నపం ఇది. ఎదుగుదల పూర్తికాని పిల్లవాణ్ణి ఎత్తు లేదని పంపేయకండి. మూడు నెలలకోసారి కొలిచి రాసుకోవడానికి గోడ, టేపు చాలు. దెబ్బ తగిలిన పిల్లలకు అది మానేదాకా హాస్టల్ మంచం వాళ్ళదిగానే ఉంచండి. వదిలేయక తప్పకపోతే కారణం పిల్లవాడి ఎదుట కూర్చుని మీరే చెప్పండి, లిస్టు గోడకు అంటించి వెళ్ళకండి. తల్లిదండ్రులూ, ఆట మాన్పించొద్దు, కానీ పదో తరగతి కూడా మాన్పించొద్దు.