గురి కుదరాలంటే...

1971లో 'మోసగాళ్లకు మోసగాడు' వచ్చినప్పటి నుంచి మన తెలుగు తెర మీద తుపాకులకు కొదవ లేదు. గుర్రాలు పోయాయి, టోపీలు పోయాయి, తుపాకీ మీదికి మాత్రం దుర్బిణీ ఎక్కింది! కథానాయకుడు కానీయండి, ప్రతినాయకుడు కానీయండి, సూట్‌కేసు తెరుస్తాడు. మఖమల్ గుడ్డలో తుపాకీ ముక్కలు ముక్కలుగా పడుకుని ఉంటుంది. టకటకా బిగిస్తాడు. ఆఖర్న టెలిస్కోపు తగిలిస్తాడు. తెర నిండా ఓ గుండ్రం, అందులో ఓ నిలువు గీత, ఓ అడ్డగీత. ఢాం! ఒక్క తూటా, ఒక్క శవం. హాల్లో ఈలలు!

వెయ్యండి, కాదనను. నేనూ నేల టికెట్టులో ఈలలు వేసి పెరిగినవాణ్ణే. చంద్రగిరి పక్కన పల్లె మాది. తిరుపతికి సైకిలు తొక్కుకుంటూ వచ్చి, సెకండ్ షో చూసి, కొండమీద దీపాలు చూసుకుంటూ ఇల్లు చేరిన రాత్రులు బోలెడు. తర్వాత సైన్యంలో చేరి, ఇ.ఎం.ఇ. కోర్‌లో ఆర్మరర్‌గా, అంటే తుపాకుల మెకానిక్కుగా, పనిచేసి రిటైరయ్యాను. సినిమాలో రెండు సెకన్లలో అయిపోయే ఆ 'తగిలించడం' ఉంది చూశారూ, నా జీవితంలో చాలా పూటలు దానికే పోయాయి.

మా అక్క కొడుకు సినిమా పిచ్చోడు. వాడిదీ మీ వయసే. వాడు మొదట అడిగిన ప్రశ్న ఇది.

"మామా, ఎంత పెద్దగా కనిపిస్తే అంత మేలు కదా?"

"కాదురా అబ్బయ్యా. గంగజాతరలో తప్పిపోయిన పిల్లోణ్ణి గొట్టంలోంచి వెతికితే ఎట్లుంటాది?"

విషయం అంతే. బొమ్మ పెద్దదయ్యేకొద్దీ కనిపించే జాగా ఇరుకవుతుంది. చేతి వణుకూ అంతే పెద్దదవుతుంది. మన రాయలసీమ ఎండలో నేలమీంచి లేచే సెగ కూడా పెద్దదై, ఎదుటి వస్తువు నీళ్లలో నీడలాగా ఊగుతుంది. మన సైన్యం వాడిన రష్యా వారి డ్రాగునోవ్ రైఫిల్నే తీసుకోండి. సెమీ ఆటోమేటిక్కు, పది తూటాల మ్యాగజైను. దాని దుర్బిణీ పేరు పి.ఎస్.ఓ.-1. అది చూపించేది నాలుగింతలు మాత్రమే! ముందు అద్దం 24 మిల్లీమీటర్లు. కానీ 100 మీటర్ల దూరాన పది మీటర్ల పైచిలుకు వెడల్పు ఒకేసారి కనిపిస్తుంది. ఎదురుగా ఉన్నవాడొక్కడే కాదు, వాడి పక్కన ఎవరున్నారో, వెనక ఎవరున్నారో కూడా కనిపించాలి మరి!

ఎంచుకోవడం అయింది, ఇక బిగించడం. సెమీ ఆటోమేటిక్ రైఫిల్లో తూటా పేలిన ప్రతిసారీ లోపలి ఇనుప బోల్టు వెనక్కి దూకుతుంది, మళ్లీ ముందుకొచ్చి గుద్దుకుంటుంది. అంటే దుర్బిణీకి దెబ్బ ఒకవైపు నుంచి కాదు, రెండువైపుల నుంచీ! పైగా ఖాళీ తొడుగు బయటికి ఎగరడానికి దారి వదలాలి. దానికి దుర్బిణీ అడ్డమొస్తే తుపాకీ ఇరుక్కుపోతుంది. మన పాత ఎస్.ఎల్.ఆర్. పైన రేకు మూత ఉంటుంది. తుడవడానికి వెనక్కి లాగితే ఊడి వచ్చేస్తుంది. అలాంటి మూతకు దుర్బిణీ బిగించడం, కుంటి బల్ల మీద తక్కెడ పెట్టి బంగారం తూచడం లాంటిది. అందుకే డ్రాగునోవ్‌లో మూతను ముట్టుకోరు. ఎడమ పక్క తుపాకీ ఒంటికే ఒక పట్టీ ఉంటుంది. దుర్బిణీ దాని మీదికి జారి, ఒక మీటతో బిగుసుకుంటుంది. మీట వదులైతే కదులుతుంది, మరీ బిగువైతే మూసుకోదు. ఇంకో తమాషా ఏమిటంటే, అద్దం పగిలినా సిపాయి నిరాయుధుడు కాడు. దుర్బిణీ కింది నుంచి మామూలు ఇనుప గురి కనిపిస్తూనే ఉంటుంది.

ఓసారి మా వైపు ఒక షూటింగు జరిగింది. పేరెందుకు లెండి! నన్ను చూడమని పిలిచారు. నటుడు కన్నును అద్దానికి ఆనించి పెట్టాడు. "అయ్యా, నిజం తుపాకీ అయితే ఆ దెబ్బకు కనుబొమ చిట్లుతుంది. కంటికీ అద్దానికీ సుమారు ఏడు సెంటీమీటర్ల ఎడం ఉండాలి" అన్నాను. "కన్ను క్లోజప్పులో బాగా పడాలి సార్" అన్నారు. బాగానే పడింది. అక్కడ పేలేది ఉత్త టపాకాయ, నాకేం అభ్యంతరం?

బిగించాక అసలు పని మొదలు. దాన్నే జీరోయింగ్ అంటాం. తూటా పడే చోటూ గీతలు కలిసే చోటూ ఒకటి కావాలి. మూడో నాలుగో తూటాలు కాల్చి, అవి ఎక్కడ గుంపుగా పడ్డాయో చూసి, చక్రం తిప్పాలి. పి.ఎస్.ఓ.-1లో పక్కవాటు చక్రం ఒక్క మెట్టు తిప్పితే 100 మీటర్ల దగ్గర 5 సెంటీమీటర్లు జరుగుతుంది. 300 మీటర్ల దగ్గర అదే 15 సెంటీమీటర్లు. అంటే ఇక్కడ ఒక్క 'టిక్కు' తేడా వస్తే, అక్కడ జానెడు దగ్గర తేడా! సూట్‌కేసులోంచి తీసి తగిలించగానే తగిలే తూటా సినిమాలోనే ఉంది. ఆ మాటకొస్తే సినిమాలో కూడా నిజం చూపించినవాడొకడున్నాడు. 1973లో ఫ్రెడ్ జిన్నెమన్ తీసిన 'ది డే ఆఫ్ ది జాకాల్' వీలైతే చూడండి. హంతకుడు చెట్టుకు పుచ్చకాయ వేలాడదీసి, ఒకటి కాల్చి, దుర్బిణీ మర సవరించి, మళ్లీ కాల్చి చూసుకుంటాడు. ఆ దృశ్యానికి నేను మనసులోనే ఈల వేశాను.

ఈ విద్య మనకు పరాయిది కూడా కాదు. మచిలీపట్నంలో 1926లో పుట్టిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. చీకట్లో చూసే దుర్బిణీలు, తుపాకులకు బిగించే నైట్ సైట్లు అక్కడ తయారయ్యాయి. ఎక్కడో సరిహద్దులో అర్ధరాత్రి సిపాయి కన్ను పెట్టే అద్దంలో బందరువాడి చెయ్యి ఉండవచ్చు! ఇక సరదాకి ఇవి కొనుక్కుందామా అంటారేమో! కుదరదు. సెమీ ఆటోమేటిక్ రైఫిల్ మామూలు పౌరుడికి లైసెన్సు మీద దొరికే వస్తువు కాదు. కాల్చే సరదా ఉంటే ఎన్.సి.సి.లో చేరండి. మన హైదరాబాదు గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్లో కాంస్యం తెచ్చాడు. ఆ పోటీలో రైఫిలుకు దుర్బిణీ పెట్టనే పెట్టరు. చిన్న బెజ్జంలోంచి చూసి కొట్టడమే!

మొన్నామధ్య మా మేనల్లుడు ఆర్మీ ర్యాలీకి పోయినాడు. పోయే ముందు, "స్నైపర్ అయితా మామా, ఆ గీతల్లోంచి చూస్తా!" అన్నాడు. నేను కాగితం మీద పి.ఎస్.ఓ.-1 లోపలి బొమ్మ గీసి చూపించాను. మధ్యలో బాణం మొనలు. ఎడమ కింద మూల ఒక అడుగుగీత, దాని మీద మెల్లగా వంగిన ఇంకో గీత. రెండింటి మధ్యా ఎదుటి మనిషిని నిలబెట్టాలి. కాళ్లు కింది గీతకు, తల పై గీతకు ఆనిన చోట ఉన్న అంకె చదివితే దూరం తెలుస్తుంది. రెండు అంటే 200 మీటర్లు, పది అంటే వెయ్యి.

"బలే ఉండాది మామా! మరి మనిషి ఎత్తు దానికెట్ల తెలుసు?"

"ముందే అనుకుని గీసినార్రా. 1.7 మీటర్ల మనిషి అని."

సాయంత్రం వాడు ర్యాలీ నుంచి ఫోను చేశాడు. గొంతులో దీపావళి!

"పరుగులో నెగ్గినా మామా! ఎత్తు కూడా కొలిచినారు. సరిగ్గా 170 సెంటీమీటర్లు!"

"సంతోషం నాయనా" అన్నాను. ఆ తర్వాత కాసేపు నాకు మాట రాలేదు.